మొదటి ఎకనామిక్స్ రీసెర్చ్ పేపర్ ఎలా రాయాలి?

కావాల్సినవి: ఒక స్ప్రెడ్‌షీట్, ఇంటర్నెట్, మీ పాఠ్యపుస్తకం. డేటా ప్రపంచ బ్యాంకు వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. టాపిక్ మీకు ఆసక్తి ఉన్నదేదైనా సరే, దాని దగ్గర రోజులు వృథా చేయకండి.

ఆ టాపిక్‌ని ప్రశ్నగా మార్చడం దగ్గరే పేపర్లు చెడతాయి. ‘ద్రవ్యోల్బణం, దాని ప్రభావాలు’ ప్రశ్న కాదు, పాఠం పేరు. అలా మొదలుపెట్టినవాళ్లు పేజీలన్నీ నిర్వచనాలతో నింపి, ఆఖర్న ‘ప్రభుత్వం తగిన చర్యలు తీసుకోవాలి’ అని చేతులు దులుపుకుంటారు. ఏది మారింది, దానివల్ల దేంట్లో తేడా వచ్చిందని చూస్తున్నారు, దేనితో పోల్చి చూస్తున్నారు? ఈ మూడూ ఒక్క వాక్యంలో పట్టేదాకా పేపర్ మొదలుపెట్టొద్దు.

మూడోదాన్నే అందరూ వదిలేస్తారు. కనీస వేతనం పెంచిన ఏడాదే ఉద్యోగాలు తగ్గాయనుకోండి. అదే ఏడాది మాంద్యం కూడా ఉంటే, తప్పు వేతనానిదేనని ఎలా అంటారు? ఆర్థికవేత్తలు డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ ఏం చేశారో చూడండి. 1992 ఏప్రిల్‌లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం కనీస వేతనాన్ని గంటకు 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకు పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. పెంపుకు ముందూ తర్వాతా రెండు చోట్లా ఫాస్ట్‌ఫుడ్ రెస్టారెంట్లలో ఎంతమంది పనిచేస్తున్నారో వాళ్లు ఆరా తీశారు. న్యూజెర్సీలో ఉద్యోగాలు తగ్గిన దాఖలా కనిపించలేదు. 1994లో అచ్చయిన ఆ ఫలితంపై పెద్ద వాదనలే నడిచాయి, అది వేరే సంగతి. పెన్సిల్వేనియా లేకపోతే ఆ పేపరే లేదు. మీ పేపర్‌కి పెన్సిల్వేనియా ఏదో ముందు తేల్చుకోండి. అలాంటిది దొరకకపోతే ప్రశ్న మార్చుకోవడమే మేలు.

ముందు బోలెడన్ని వ్యాసాలు చదివి, ఆ తర్వాత ప్రశ్న వెతుక్కోమని కొందరు సలహా ఇస్తారు. వినకండి. చదివిందంతా ఎక్కడో ఒకచోట ఇరికించాలనిపిస్తుంది, పేపర్ కాస్తా సారాంశాల కుప్పవుతుంది. ముందు ప్రశ్న, ఆ తర్వాతే దానికి దగ్గరైన నాలుగైదు వ్యాసాలు.

డేటా సంగతి తేలికే. వేర్వేరు ఏళ్ల జీతాలో ఆదాయాలో పోలుస్తుంటే ద్రవ్యోల్బణం తీసేసిన అంకెలే వాడాలి. దేశాల ఆదాయాలు పోల్చేటప్పుడు తలసరి లెక్క తీసుకోండి. గ్రాఫ్ ఒక్కటే ఉండాలి, రెండు అక్షాల మీదా యూనిట్లు రాయాలి. గుండ్రంగా ముక్కలు చేసి చూపించే పై చార్ట్ (pie chart) మాత్రం వద్దే వద్దు.

రాసేటప్పుడు ముందు ఫలితాలు, చివర్లో ఉపోద్ఘాతం. రెండు అంకెలు కలిసి పెరిగితే ‘కలిసి పెరిగాయి’ అనే రాయండి. ‘దీనివల్లే అది పెరిగింది’ అనాలంటే మీ పోలిక గట్టిగా నిలబడాలి. ఏ తేడా కనిపించకపోతే టెన్షన్ పడి అంకెలు సర్దకండి, కనిపించలేదనే రాయండి. ఇంకోటి, ప్రతి అంకె ఎక్కడిదో అప్పటికప్పుడే పక్కన రాసుకోండి. సబ్మిట్ చేయాల్సిన ముందురోజు రాత్రి వెతికితే దొరకదు.