థైరాయిడ్ రిపోర్టు ఎలా చదవాలి?

రిపోర్టులో టీఎస్‌హెచ్ 9 అని చూడగానే చాలామంది "థైరాయిడ్ ఎక్కువైంది" అనేస్తారు. నిజానికి అక్కడ సాధారణంగా తగ్గింది థైరాయిడే.

ముందుగా ఏ అంకె ఏ గ్రంథిదో చూసుకోండి. టీ3, టీ4 గొంతులోని థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్లు. టీఎస్‌హెచ్ మాత్రం మెదడు అడుగున బఠాణీ గింజంత ఉండే పీయూష గ్రంథిది. రక్తంలో టీ4 తగ్గిందని తెలిస్తే పీయూష గ్రంథి టీఎస్‌హెచ్ పెంచి థైరాయిడ్‌ను తొందరపెడుతుంది. టీ4 మరీ ఎక్కువైతే టీఎస్‌హెచ్ దాదాపు ఆపేస్తుంది. పలకని మనిషినే కదా పదిసార్లు పిలుస్తాం!

ఇప్పుడు టీఎస్‌హెచ్ చూడండి. పెద్దవాళ్లలో సుమారు 0.4 నుంచి 4 వరకు మామూలే, కానీ మీ ల్యాబ్ పక్కన వేసిన హద్దులే లెక్క. గర్భిణులకు హద్దులు వేరు. ఒక ల్యాబ్ లీటరుకు మిల్లీ యూనిట్లని, ఇంకోటి మిల్లీలీటరుకు మైక్రో యూనిట్లని వేస్తుంది. రెండూ ఒకటే, అంకె మారదు.

తర్వాత ఫ్రీ టీ4. రక్తంలోని టీ4లో దాదాపు అంతా ప్రోటీన్లకు అతుక్కునే ఉంటుంది, విడిగా తిరిగే ఆ కాస్తే కణాల్లోకి వెళ్లి పనిచేస్తుంది. గర్భం వచ్చినా, గర్భనిరోధక మాత్రలు వాడినా ఆ ప్రోటీన్లు పెరిగి టోటల్ టీ4 ఎక్కువగా కనిపిస్తుంది. అందుకే నేనైతే ఫ్రీ టీ4 లేని రిపోర్టును సగం రిపోర్టే అంటాను.

రెండింటినీ కలిపి చదవండి. టీఎస్‌హెచ్ ఎక్కువ, టీ4 తక్కువ అయితే థైరాయిడ్ మందగించినట్టు. టీఎస్‌హెచ్ బాగా తక్కువ, టీ4 ఎక్కువ అయితే అతిగా పనిచేస్తున్నట్టు. టీఎస్‌హెచ్ కొద్దిగా పెరిగి టీ4 మామూలుగా ఉంటే అది తొలిదశ కావచ్చు, కొన్ని వారాలాగి మళ్లీ చేయిస్తే తనంతట తానే దిగివచ్చిన సందర్భాలూ ఉంటాయి. రెండూ తక్కువగా ఉన్నాయా? పిలవాల్సిన పీయూష గ్రంథిలోనే తేడా ఉండొచ్చు. టీఎస్‌హెచ్ ఒక్కటే చూస్తే ఇది దొరకదు, డాక్టర్‌కు తప్పక చూపించండి.

అంకెలు ఒంటి తీరుకు పొంతన లేకుండా ఉంటే, జుట్టు కోసమో గోళ్ల కోసమో బయోటిన్ అనే విటమిన్ వేసుకుంటున్నారేమో గుర్తుచేసుకోండి. కొన్ని పరీక్షా పద్ధతుల్లో అది టీఎస్‌హెచ్‌ను తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపించి, లేని జబ్బు అంటగడుతుంది. రక్తం ఇవ్వడానికి కనీసం రెండు రోజుల ముందు ఆపాలి. టీఎస్‌హెచ్ రాత్రి పెరిగి పగలు తగ్గుతుంది కాబట్టి ప్రతిసారీ ఒకే వేళకు ఇవ్వడం మేలు.

థైరాయిడ్ మందగించి టీ4 మాత్ర వాడుతున్నవాళ్లు డోసు మారిన వారానికే పరీక్షకు పరుగెత్తకండి. టీ4 రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు 7 రోజులు పడుతుంది, పీయూష గ్రంథి సర్దుకోవడానికి ఇంకాస్త కావాలి. 6 నుంచి 8 వారాలు ఆగండి. ఈలోగా మాత్ర పరగడుపునే వేసుకోండి, ఐరన్, కాల్షియం మాత్రలకు దానికి 4 గంటల ఎడం ఉండాలి.