లాటిన్ సొంతంగా, 7వ పాఠం: ‘ఎత్ తూ, బ్రూతె?’

తనను పొడిచినవాళ్లలో బ్రూటస్‌ని చూసి రోమన్ నేత సీజర్ అన్నాడని చెప్పుకునే మాటలివి. పోయిన పాఠం చివర తెలుగులోకి మార్చమని ఇచ్చిన ఈ మూడు మాటలకు మీ జవాబుల్లో ఎక్కువ భాగం ఇదే: “మరియు నువ్వు, బ్రూట్.” కాబట్టి ఇవాళ్టి క్రియారూపాలు వాయిదా.

‘ఎత్’ రెండు పేర్ల మధ్య ఉంటే ‘మరియు’. కలపడానికి ముందు ఏమీ లేకుండా ఒక మాట ముందు నిలబడితే ‘కూడా’. తెలుగులో చివరి అచ్చు సాగదీస్తే ఆ పని అయిపోతుంది: నువ్వూ. నేనైతే సంస్కృతంలో ‘త్వమపి’ అని గుర్తుపెట్టుకుంటాను. క్రియ కోసం వెతక్కండి. “నువ్వూనా, బ్రూటస్!” అంతే.

ఇక నాకు ఒళ్లు మండే సంగతి. ‘బ్రూతె’ ఇంగ్లీషులో మృగాన్ని అనే మాట కాదు, ‘బ్రూట్’ అని ఒక్క ఊపులో పలికేదీ కాదు. బ్రూటస్ పేరు లాటిన్‌లో బ్రూతుస్, బ్రూతుస్‌ని పిలిస్తే బ్రూతె. రాముణ్ణి ‘రామా’ అన్నట్టే, సంబోధన. మార్కుస్‌ని పిలిస్తే మార్కె, దెకిముస్‌ని దెకిమె. పేరు ‘ఇయుస్’తో ముగిస్తే మాత్రం ‘ఎ’ రాదు, ‘ఈ’ వస్తుంది: కస్సియుస్ కస్సీ, అంతోనియుస్ అంతోనీ. ‘కస్సియె’ అని రాసినవాళ్లు ఈ పేరా మళ్లీ చదవండి. కైసర్ (సీజర్), కాస్కా, కికెరో మారవు.

సీజర్ నిజంగా ఈ మాట అన్నాడా? ఇది షేక్‌స్పియర్ నాటకం మూడో అంకంలోది. క్రీ.పూ. 44 మార్చి 15న 23 పోట్లు పడ్డా సీజర్ మొదటి పోటుకు మూలిగాడే తప్ప మాట్లాడలేదని రోమన్ రచయిత సుయెటోనియస్ రాశాడు. గ్రీకులో ‘కై సు, తెక్నోన్’, అంటే ‘నువ్వూనా, బిడ్డా’ అన్నాడని కొందరు చెబుతారనీ చేర్చాడు. ఆ ‘కై’ అచ్చం మన ‘ఎత్’ లాంటిదే. క్రీ.పూ. 48లో ఫార్సలుస్ దగ్గర జరిగిన యుద్ధంలో తనకు ఎదురుగా నిలిచి ఓడిన బ్రూటస్‌ని సీజర్ క్షమించి, తర్వాత పదవులు కూడా ఇచ్చాడు. ‘నువ్వూ’లోని దీర్ఘానికి బరువు అక్కడిదే. నన్నడిగితే ఆ మాట పడాల్సింది అదే పేరున్న మరో కుట్రదారు దెకిముస్ బ్రూటస్‌కి. ఇంట్లో ఆగిపోయిన సీజర్‌ని నచ్చజెప్పి సభకు రప్పించింది అతనే. వ్యాకరణానికి తేడా లేదు, అతన్ని పిలిచినా బ్రూతెయే.

అభ్యాసం: ‘నువ్వూనా’ అని మిగతా కుట్రదారులైన కాస్కాని, కస్సియుస్‌ని, తిల్లియుస్ కింబెర్‌ని విడివిడిగా అడగండి. తర్వాత ‘వోస్’ (మీరు) వాడి, కస్సియుస్‌నీ బ్రూతుస్‌నీ కలిపి ఒకే వాక్యంలో అడగండి. రెండు ‘ఎత్’లు వస్తాయి. ఏది ‘మరియు’, ఏది ‘కూడా’ అన్నది పక్కన రాసి పంపండి.