వేర్వేరు శాఖల రేడియోలను ఒకే గేట్‌వేతో కలపడం ఎలా?

ఒక ప్రమాద స్థలానికి పోలీసులు వీహెచ్‌ఎఫ్ సెట్లతో, అగ్నిమాపక దళం యూహెచ్‌ఎఫ్ సెట్లతో, అంబులెన్సులు 800 మెగాహెర్ట్జ్ డిజిటల్ ట్రంకింగ్ సెట్లతో (ఖాళీ ఛానల్‌ను వ్యవస్థే కేటాయించే రేడియోలతో) వస్తే, అంటే వేర్వేరు ఫ్రీక్వెన్సీల్లో పనిచేసే సెట్లు తెస్తే, పక్కపక్కనే నిలబడ్డ ముగ్గురు అధికారులు కూడా వాకీటాకీలో ఒకరి మాట ఒకరు వినలేరు. 2001 సెప్టెంబరు 11న న్యూయార్కులో వరల్డ్ ట్రేడ్ సెంటర్ ఉత్తర టవర్ పరిస్థితిపై పోలీసు హెలికాప్టర్ నుంచి వచ్చిన హెచ్చరికలు పోలీసు రేడియోలోనే ఉండిపోయాయి, అగ్నిమాపక దళం ఛానళ్లకు చేరలేదు. ఆ తరువాతి సంవత్సరాల్లో అమెరికాలోని అనేక కౌంటీలు (జిల్లాల వంటి పాలనా విభాగాలు) వేర్వేరు రేడియోలను కలిపే ఏసీయూ-1000 వంటి గేట్‌వే పెట్టెలను కొన్నాయి. అయితే పెట్టె కొనడం వేరు, దాన్ని సరిగా అమర్చడం వేరు. కేబుళ్లు తగిలించి, దీపాలు వెలగగానే పని అయిపోయిందనుకునే వారి వల్లనే ఈ పరికరానికి చెడ్డపేరు వస్తోంది.

ముందుగా ఒక్క విషయం మనసులో ఉంచుకోవాలి. గేట్‌వే ఒక డిజిటల్ సంకేతాన్ని మరో సంకేతంగా మార్చదు. ఒక రేడియో స్పీకరు నుంచి వచ్చే ధ్వనిని తీసుకుని, రెండో రేడియో మైకులోకి పంపి, దాని పీటీటీని (మాట్లాడేందుకు నొక్కే మీటను) తానే నొక్కుతుంది. అంటే మనిషి రెండు సెట్లు చేతిలో పట్టుకుని చేయగలిగిన పనినే ఇది వేగంగా చేస్తుంది, ఆ మనిషికి ఉండే విచక్షణ మాత్రం దీనికి లేదు.

సరంజామా

గేట్‌వే, కలపవలసిన ఒక్కో ఛానల్‌కు ఒక్కో రేడియో, ఆయా మోడల్‌కు సరిపోయే కేబుళ్లు, యాంటెన్నాలు, 12 వోల్టుల విద్యుత్తు, హెడ్‌సెట్, టేపు, మార్కర్ పెన్ను ఉంటే చాలు. రేడియోలను ఆయా శాఖల నుంచే, వారు ప్రోగ్రామ్ చేసినవాటినే తీసుకోవాలి. వాకీటాకీలు కాకుండా వాహనాలలో బిగించే మొబైల్ సెట్లనే వాడాలి. దీనిలో నేను మినహాయింపు ఇవ్వను. మొబైల్ సెట్టు వెనుక ఉన్న కనెక్టరులో వాల్యూముతో సంబంధం లేని ఆడియో దొరుకుతుంది, సిగ్నల్ వచ్చిందని చెప్పే సీఓఆర్ తీగ దొరుకుతుంది, పైగా గంటల తరబడి ప్రసారం చేసినా అది వాకీటాకీలా వేడెక్కిపోదు. గతిలేక వాకీటాకీ వాడవలసి వస్తే దాన్ని తక్కువ పవరులో పెట్టి, బ్యాటరీకి బదులు ఎలిమినేటరుతో నడిపి, వాల్యూమ్ నాబ్‌ను ఒక స్థానంలో నిలిపి, నాబ్‌కూ బాడీకీ కలిపి మార్కరుతో గీత గీసి, పైన టేపు అంటించాలి. వినపడటం లేదని ఎవరో వచ్చి ఆ నాబ్‌ను పావు చుట్టు తిప్పితే, మీరు చేసిన సర్దుబాటు మొత్తం పోతుంది.

ప్రతి సెట్టులోనూ స్కాన్‌ను, అంటే ఛానళ్లను ఒకదాని తరువాత ఒకటి వెతుకుతూ వినే సదుపాయాన్ని, ఆపివేయాలి. స్కాన్ ఆపకపోతే పక్క జిల్లా పోలీసుల సంభాషణ ఆసుపత్రి ఛానల్‌లో వినిపించడం ఖాయం.

అనుమతి, యాంటెన్నాలు

ఏ ఛానల్‌ను దేనితో కలుపుతున్నారో ఘటనా స్థలంలో రేడియోల బాధ్యత చూసే కమ్యూనికేషన్స్ యూనిట్ లీడరుకు చెప్పి, అమెరికాలోనైతే రేడియో ఛానళ్ల ప్రణాళిక అయిన ఐసీఎస్ 205 పత్రంలో రాయించాలి. ఇది గుమాస్తా పని కాదు. అవే రెండు ఛానళ్లను మరొక బృందం తన గేట్‌వేతో కలిపి ఉంటే, మాట ఒక పెట్టె నుంచి మరో పెట్టెకు తిరుగుతూ రెండు ఛానళ్లనూ మూసివేస్తుంది. భారతదేశంలోనైతే ఫ్రీక్వెన్సీలను కేటాయించే వైర్‌లెస్ ప్లానింగ్ అండ్ కోఆర్డినేషన్ విభాగం నిబంధనలకూ, ఛానల్ సొంతదారు అనుమతికీ లోబడే ఈ పని చేయాలి.

యాంటెన్నాలను ఒకే బల్ల మీద వరుసగా నిలబెట్టకూడదు. వాహనాల పైకప్పులపై, వీలైనంత ఎడంగా ఉంచాలి. దూరం ఒక్కటే చాలదు, లెక్క కూడా చూడాలి. అమెరికాలో వేర్వేరు శాఖలు ఉమ్మడిగా వాడే వీహెచ్‌ఎఫ్ ఛానల్ వీటాక్11 151.1375 మెగాహెర్ట్జ్, దాని మూడో హార్మోనిక్ (మూడు రెట్ల ఫ్రీక్వెన్సీలో పుట్టే అనవసర సంకేతం) 453.4125. అలాంటిదే అయిన యూహెచ్‌ఎఫ్ ఛానల్ యూటాక్41 453.4625 వద్ద, అంటే కేవలం 50 కిలోహెర్ట్జ్ ఎడంగా ఉంది. ఈ రెంటినీ ఒకే వాహనంపై పెట్టి, యూహెచ్‌ఎఫ్ వైపు నుంచి ఎవరూ వినపడటం లేదని గేట్‌వేను తిట్టడం అన్యాయం.

ధ్వని స్థాయి

సహాయకుడిని కనీసం యాభై మీటర్ల దూరం పంపి, మామూలు గొంతుతో ఒకటి నుంచి పది వరకు లెక్కించమనాలి. ఈల వేయించకూడదు, అరిపించకూడదు. మొదట గేట్‌వేలోకి వచ్చే స్థాయిని, ఆ తరువాతే బయటికి వెళ్లే స్థాయిని సర్దాలి. రెండో వైపు ఛానల్‌లో మూడో సెట్టు పెట్టుకుని, గేట్‌వే ద్వారా వచ్చిన గొంతు, నేరుగా వచ్చిన గొంతు ఒకే మోతాదులో వినిపించే వరకు సర్దుతూ పోవాలి. బిగ్గరగా ఉంటే మేలనే అపోహ చాలామందికి ఉంది. డిజిటల్ వైపు ఉన్న వోకోడర్ (మాటను డిజిటల్ సంకేతంగా మార్చే భాగం) చితికిన ధ్వనిని ఏ మాత్రం క్షమించదు. అనలాగ్‌లో కాస్త గరగరగా ఉండి అర్థమయ్యే మాట అక్కడ బుడబుడమనే శబ్దమై తేలుతుంది.

తలుపు తెరిచే వేళ, మూసే వేళ

ఇక్కడి నుంచి తొందరపడకూడదు. నేను చూసిన పాడైన అమరికల్లో అత్యధికం ఈ మెట్టు దగ్గర పాడైనవే.

ఎవరో మాట్లాడుతున్నారని గేట్‌వేకు తెలియాలి. సీఓఆర్ తీగ ఉంటే రిసీవరు స్క్వెల్చ్ (సిగ్నల్ లేనప్పుడు స్పీకరును మూసి ఉంచే ఏర్పాటు) తెరుచుకున్న క్షణమే తెలుస్తుంది. ఆ తీగ లేకపోతే ధ్వనిని బట్టి ఊహించే వాక్స్‌పై ఆధారపడాలి. వాక్స్‌ను సర్దడం సులువని దానివైపు మొగ్గేవారు ఉన్నారు, నేను ఒప్పుకోను. వాక్స్ మాట విన్న తరువాత గానీ తెరుచుకోదు కాబట్టి మొదటి అక్షరాన్ని తింటుంది, మాటల మధ్య విరామంలో మూసుకుంటుంది, చివరికి ట్రంకింగ్ సెట్టు ఛానల్ దొరకలేదని చేసే కూతను కూడా మనిషి గొంతు అనుకుని అవతలి వారికి ప్రసారం చేస్తుంది. సీఓఆర్ ఉన్నచోట వాక్స్ వాడకూడదు. తప్పనిసరైతే ఆ సెట్టులోని కూతలన్నింటినీ ప్రోగ్రామింగ్‌లోనే ఆపించాలి.

తరువాతిది ఆలస్యం. మామూలు అనలాగ్ సెట్టు పీటీటీ నొక్కగానే ప్రసారం మొదలుపెడుతుంది. ట్రంకింగ్ సెట్టు అలా కాదు. అది ముందు ఛానళ్లను పంచే కంట్రోల్ ఛానల్‌ను అడిగి, ఖాళీ ఛానల్ పొంది, ఆ తరువాతే మాటను పంపుతుంది. ఈ వ్యవధిలో వచ్చిన మాటను గేట్‌వే తనలో నిలిపి ఉంచకపోతే అది పోయినట్టే. 'డోంట్ ఎంటర్' అన్న ఆదేశంలో మొదటి మాట పోతే మిగిలేది 'ఎంటర్'. అందుకని ట్రంకింగ్ సెట్టు పీటీటీని మీరే చేత్తో నొక్కి, అనుమతి కూత వచ్చే వరకు ఎంతసేపు పడుతోందో గడియారంతో చూసి, అంతకంటే కొంచెం ఎక్కువగా ఆడియో డిలేను పెట్టాలి. ఖాళీ సమయంలో ఒకసారి చూసి సరిపెట్టుకోకూడదు. వ్యవస్థపై భారం పెరిగితే ఛానల్ కోసం వరుసలో నిలబడవలసి వస్తుంది, అప్పుడు ఏ డిలే అయినా చాలదు. ఆ మిగిలిన భాగాన్ని మనుషులే భరించాలి, అందుకే నొక్కి, ఒక క్షణం ఆగి, అప్పుడు మాట్లాడమని ప్రతి ఒక్కరికీ చెప్పాలి.

మూడోది, మాట ఆగాక గేట్‌వే తలుపును (అంటే అవతలి ప్రసారాన్ని) ఎంతసేపు తెరిచి ఉంచాలన్న హ్యాంగ్ టైమ్. కదులుతున్న వాహనం నుంచి వచ్చే సిగ్నల్ తెగుతూ ఉంటుంది. హ్యాంగ్ టైమ్ మరీ తక్కువగా ఉంటే తెగిన ప్రతిసారీ అవతలి ట్రంకింగ్ సెట్టు ఛానల్‌ను వదిలి మళ్లీ కొత్తగా అడుగుతుంది. మరీ ఎక్కువగా ఉంటే జవాబు చెప్పేవారికి దారి దొరకదు. నేను అర సెకను దగ్గర మొదలుపెట్టి, అక్కడి నుంచి చెవితో సర్దుతాను.

అన్నింటికన్నా మొండి సమస్య రిపీటరు (సిగ్నల్‌ను అందుకుని మళ్లీ ప్రసారం చేసే కేంద్రం) తోక. గేట్‌వే పీటీటీ వదిలిన తరువాత కూడా అనేక రిపీటర్లు కొద్దిసేపు ఖాళీ క్యారియర్‌ను (మాట లేని రేడియో తరంగాన్ని) పంపుతూనే ఉంటాయి. గేట్‌వే దాన్ని కొత్త మాట అనుకుని రెండో వైపు పీటీటీ నొక్కుతుంది. ఆ వైపు రిపీటరు తోక మళ్లీ మొదటి వైపును నొక్కిస్తుంది. ఎవరూ మాట్లాడకుండానే రెండు ఛానళ్లూ ఇలా ఒకదాన్నొకటి నొక్కుకుంటూ ఉంటాయి. దీన్నే పింగ్‌పాంగ్ అంటారు. దీనిని పసిగట్టడం కష్టం కాదు. గేట్‌వే లింకును ఇంకా కలపకుండా, ఒక వాకీటాకీతో ఆ రిపీటరుపై క్షణకాలం నొక్కి వదిలి, గేట్‌వే పైనున్న సీఓఆర్ దీపం ఎంతసేపు వెలిగి ఉందో చూడాలి. వేలు తీయగానే దీపం ఆరితే భయం లేదు. ఆరకుండా వెలుగుతూనే ఉంటే, ఆ వెలిగిన కాలం కంటే కొంచెం ఎక్కువగా, పీటీటీ వదిలాక సీఓఆర్‌ను పట్టించుకోని వ్యవధిని పెట్టాలి.

ఈ వ్యవధిని ఇష్టం వచ్చినట్లు పెంచితే మరో చిక్కు వస్తుంది, వెంటనే జవాబు ఇచ్చేవారి మొదటి మాటలు పోతాయి. కాబట్టి తోక పొడవుగా ఉంటే గేట్‌వేను సర్దడం కన్నా రిపీటరు నిర్వాహకులకు ఫోన్ చేసి తోకను తగ్గించమని అడగడమే సరైన పని. తోక సమయంలో టోన్ (మాటతో పాటు పంపే గుర్తింపు ధ్వని) పంపని రిపీటరైతే మీ సెట్టులో టోన్ స్క్వెల్చ్ (ఆ టోన్ ఉంటేనే తెరుచుకునే స్క్వెల్చ్) పెడితే చాలు. తోక అంతటా టోన్ పంపే రిపీటరు దగ్గర ఈ ఉపాయం పనికిరాదు.

ఇంత గొడవ ఎందుకు, అందరికీ ఒకే రకం సెట్లు పంచవచ్చు కదా అని కొందరు అంటారు. మంట దగ్గర ఉన్న మనిషికి అలవాటు లేని సెట్టు చేతికివ్వడం ప్రమాదమని నా అభిప్రాయం. ఫోన్ యాప్ వాడదామనేవారు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకిన తరువాత విశాఖపట్నంలో ఫోన్లు మూగబోయిన సంగతి గుర్తుంచుకోవాలి.

కలపడం, విడదీయడం

కలిపే ముందు రెండు ఛానళ్లలోనూ ప్రకటించాలి. శాఖల సంకేత పదాలు మాని, మామూలు మాటల్లోనే మాట్లాడమని కోరాలి. ఎన్‌క్రిప్షన్ ఉన్న ఛానల్‌ను లేనిదానితో కలిపితే రహస్యం అవతల బహిరంగమవుతుందని అధికారికి ముందే చెప్పి, ఆయన ఒప్పుకుంటేనే కలపాలి. అవసరమైన రెండు, మూడు ఛానళ్లకు మించి కలపకూడదు. హెడ్‌సెట్ పెట్టుకున్న మనిషి ఒకరు పెట్టె దగ్గరే కూర్చోవాలి. పింగ్‌పాంగ్ మొదలైతే వెంటనే లింకు తెంచేది ఆ మనిషే.

అవసరం తీరగానే మళ్లీ ప్రకటించి లింకు తీసివేయాలి, సమయాన్ని లాగ్‌లో రాయాలి. సెట్లను తిరిగి ఇచ్చే ముందు స్కాన్‌నూ, కూతలనూ, పవరునూ పాత స్థితికి మార్చాలి, నాబ్‌పై టేపు తీసివేయాలి. కేబుళ్లు చుట్టేటప్పుడు ఒక్కోదానిపై సెట్టు మోడల్ పేరు రాసి ఉందో లేదో చూడాలి.