గాయపడ్డ చేతికి వేణువు – మూడో పాఠం: చిల్లును వేలి దగ్గరికి తేవడం

పోయిన పాఠంలో తయారుచేసిన కాగితం ముందు పెట్టుకోండి. వేళ్ళ కొనలకు స్టాంపు ఇంకు పూసి, గొట్టానికి చుట్టిన కాగితం మీద వేలు తనంతట తాను ఎక్కడ వాలితే అక్కడే ముద్ర వేయించమన్నానే, అది. అది లేకుండా ఇవాళ్టి పని మొదలుపెట్టొద్దు, ఎందుకంటే డ్రిల్లు చేతిలోకి తీసుకున్నాక "ఇక్కడే అనుకుంటా" అని పెట్టిన గుర్తు ఒక్కటీ నిలవదు. ఇంకో మాట. వేలు ఇంకా తిమ్మిరెక్కుతున్నా, వాయించాక రాత్రి సలుపు పెడుతున్నా ముందు డాక్టరుకు చూపించుకోండి. ఫిజియోథెరపీ నడుస్తున్నన్నాళ్ళూ వేలు వంగే తీరు మారుతూనే ఉంటుంది, ఆ సమయంలో చిల్లు మార్చడం దండగ.

ఈ పాఠమంతా ఒకే చేతిని పట్టుకుని చెప్తాను. పాతపట్నం నుంచి మా పర్లాకిమిడికి వస్తుంటాడు ఒక కుర్రాడు, భజనల్లో వాయిస్తాడు. ఆటో బోల్తా పడి కుడి చేతి ఉంగరం వేలు విరిగింది. ఎముక అతికింది గానీ మధ్య కణుపు బిగుసుకుపోయింది, వేలు వంగుతుంది, పూర్తిగా చాచుకోదు. వాయిద్యం ఆరు చిల్లుల కొయ్య వేణువు, జీ శ్రుతి, మన హార్మోనియం వాళ్ళు ఐదు శ్రుతి అనేది. గొట్టం లావు 28 మి.మీ., గోడ మందం నాలుగున్నర. కాగితం మీద చూస్తే వేలి ముద్ర ఆరో చిల్లు (ఊదే చిల్లు వైపు నుంచి లెక్కపెడితే చివరిది) మీద లేదు, 7 మి.మీ. అతని వైపుకు, 8 మి.మీ. ఊదే చిల్లు వైపుకు పడింది.

కొయ్యను కోసే ముందు ఒక ప్రయత్నం చేసి చూడండి, దీనికి పైసా ఖర్చు లేదు. చిల్లులన్నీ ఒకే వరసలో ఉన్న వేణువైతే దాన్ని తిప్పి ఎడమ వైపుకు పట్టుకోవచ్చు. హరిప్రసాద్ చౌరాసియా గారు వాయించేది అలాగే. అప్పుడు కుడి చెయ్యి మూతి దగ్గరికి వస్తుంది, ఉంగరం వేలు మూడో చిల్లు మీద పడుతుంది, అంత దూరం చాచే పని తప్పుతుంది. పదేళ్ళు దాటని పిల్లలకైతే నేను ఇదే చెప్తాను. మన కుర్రాడు కొన్నాళ్ళు వాయించి, "ఏటి మాస్టారూ, మళ్ళీ పలక మీద అక్షరాలు దిద్దుతున్నట్టుంది" అని వదిలేశాడు. సరే అన్నాను. అప్పటికే చేతికి వచ్చిన పాటలు వందల్లో ఉన్నవాడిని అలా ఇబ్బంది పెట్టడం నాకూ నచ్చలేదు.

ఇక చిల్లు జరపడం. రెండు దిక్కులు ఉన్నాయి, రెండింటి ఖరీదూ ఒకటి కాదు. చిల్లును గొట్టం చుట్టూ పక్కకి జరిపితే శ్రుతి మారదు, ఎందుకంటే ఊదే చిల్లు నుంచి దాని దూరం అలాగే ఉంది, గొట్టం లోపలి గాలికి చిల్లు పైన ఉందా పక్కన ఉందా అన్నదాంతో పని లేదు. పొడవు వెంబడి జరిపితే మాత్రం ప్రతి మిల్లీమీటరుకూ లెక్క చెప్పాలి. అందుకే ఎప్పుడూ ముందు చుట్టూ తిప్పండి, తర్వాతే పొడవు సంగతి. చాలామంది నేరుగా పొడవు మీద పడి శ్రుతి చెడగొట్టుకుని నా దగ్గరికి వస్తారు.

ఎటు తిప్పాలి? వేలి మొదలు ఎటుంటే అటు. కుడి చెయ్యి గొట్టానికి మన వైపు నుంచి వస్తుంది, కాబట్టి కుడి వేలు పొట్టిదైనా, చాచుకోకపోయినా చిల్లు మన వైపుకు రావాలి. ఎడమ చెయ్యి అవతలి నుంచి చుట్టుకుని వస్తుంది, దానికైతే చిల్లు అవతలికి వెళ్ళాలి. 28 మి.మీ. గొట్టం చుట్టుకొలత 88 మి.మీ., కాబట్టి మనకు కావలసిన 7 మి.మీ. అంటే 29 డిగ్రీల తిప్పుడు. ఈ ఏడూ ఉచితం.

మిగిలింది పొడవు వెంబడి 8. కొయ్య గోడ మందంగా ఉండటం ఇక్కడ కలిసొస్తుంది. చిల్లును నిటారుగా కాకుండా 30 డిగ్రీల వాలుగా తొలిస్తే, లోపలి మూతి ఉన్నచోటే ఉండి, పై మూతి రెండున్నర మి.మీ. వేలి వైపుకు వస్తుంది. ధ్వనికి ముఖ్యంగా లెక్కలోకి వచ్చేది లోపలి మూతి, వేలికి కావలసింది పైది. పల్చటి వెదురులో ఈ ఉపాయం పెద్దగా పనికిరాదు.

ఇంకా ఐదున్నర మి.మీ. మిగిలాయి, వాటికి శ్రుతితో ఖరీదు కట్టాల్సిందే. ఆరో చిల్లు తెరిస్తే పలికేది ధైవతం. జీ శ్రుతి వేణువులో మంద్ర ధైవతం దగ్గర ఒక స్వరస్థానం, అంటే 100 సెంట్లు, దాదాపు 29 మి.మీ. పొడవుకు సమానం. ఆ లెక్కన ఐదున్నర మి.మీ. పైకి జరిపితే ధైవతం దాదాపు 19 సెంట్లు పైకి పోతుంది, భజనలో హార్మోనియం పక్కన అది ఎవరి చెవికైనా తెలిసిపోతుంది. విరుగుడు ఏమిటంటే చిల్లు చిన్నది చేయడం. చిల్లు చిన్నదైన కొద్దీ స్వరం కిందికి దిగుతుంది. మరీ చిన్నదైతే స్వరం మూగబోతుంది, పై స్థాయిలో పలకడానికి మొరాయిస్తుంది, వేలు జార్చి గమకం తీయడమూ కష్టమవుతుంది. అందుకే పొడవు వెంబడి 10 మి.మీ. మించి జరపాల్సి వస్తే నేను ఒప్పుకోను, ఆ చేతికి మీట (వేలు అందని చిల్లును దూరం నుంచే మూసే కీ) పెట్టాలి, అది వచ్చే పాఠం.

లెక్క కుదిరింది కదా అని కొయ్య మీద చెయ్యి వేయకండి. కరెంటు పనివాళ్ళు వాడే 20 మి.మీ. పీవీసీ పైపు తెచ్చి దానిమీద ఒక నమూనా వేణువు చేయండి. దాని శ్రుతి కొంచెం తేడాగా ఉన్నా ఫర్వాలేదు, మనకు కావలసింది వేలు పడే చోటు. పైపు సన్నం కాబట్టి ఏడు మి.మీ. కాదు, అదే 29 డిగ్రీలు కొలవండి. కుర్రాడి చేతికిచ్చి ఒక పాట మొత్తం వాయించమనండి, మొదటి చరణంలో బాగున్న చిల్లు మూడో చరణానికి వేలిని లాగుతుందేమో చూడండి. చోటు నచ్చకపోతే చిల్లు మీద సెల్లోటేపు అంటించి పక్కన ఇంకోటి తొలచండి. రథయాత్ర సంతలో దొరికే వేణువులు దీనికి వద్దు, వాటిలో ఏ చిల్లు ఎందుకు అపశ్రుతి పలుకుతుందో తేల్చడానికే రోజంతా పోతుంది.

ఇప్పుడు కొయ్య పని. పాత చిల్లు మూయడానికి అదే జాతి కొయ్యతో బిరడా చెక్కండి, దాని నార గొట్టం నార దిక్కునే ఉండాలి, లేకపోతే ఎండలకు ఒకటి ఒక తీరుగా, రెండోది ఇంకో తీరుగా కుంచించుకుపోయి సందు ఏర్పడుతుంది. అరాల్డైట్ పెట్టి బిగించే ముందు గొట్టంలోకి కొవ్వొత్తి మైనం బాగా రుద్దిన గుండ్రటి కర్ర దూర్చండి, జిగురు లోపలికి ఉబ్బి గడ్డకట్టకుండా. ఒక రోజంతా ముట్టుకోవద్దు. తర్వాత కర్ర లాగేసి, పైన గరుకు కాగితంతో సాపు చేయండి, ముక్కుకి గుడ్డ కట్టుకోండి, కొయ్య పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు.

కొత్త చిల్లు చోట మాస్కింగ్ టేపు అంటిస్తే అంచులు పెచ్చులూడవు. గొట్టం కదలకుండా రెండు చెక్కల మధ్య బిగించి, డ్రిల్లు మొన గొట్టం నడిమధ్యకు చూస్తుండేలా పట్టండి. వాలు చిల్లయితే ముందు నిటారుగా చిన్న గుంట తవ్వి, అప్పుడు వాల్చండి, లేకపోతే మొన జారి వేణువు మీద గీత పడుతుంది. 6 మి.మీ. బిట్టుతో మొదలుపెట్టి, తర్వాత గుండ్రటి ఆకురాయితో కొద్దికొద్దిగా పెంచుకుంటూ రండి, ప్రతిసారీ ఊది ట్యూనర్ యాప్‌లో చూసుకుంటూ. ఊదే ముందు వేణువును చేతుల్లో కాసేపు వెచ్చబెట్టాలి, గొట్టంలోని గాలి ఒక డిగ్రీ వేడెక్కితే శ్రుతి దాదాపు 3 సెంట్లు లేస్తుంది. స్వరం ఇంకా తక్కువగా ఉంటే ఊదే చిల్లు వైపు అంచునే అరగదీయండి. ఎక్కువైపోతే కంగారు లేదు, అదే అంచుకు తేనెమైనం రాస్తే దిగుతుంది.

వేలికొనలో స్పర్శ తగ్గినవాళ్ళకు ఒక పని ఎక్కువ. చిల్లు చుట్టూ కొద్దిగా ఉబ్బెత్తుగా ఒక ఉంగరం అంటించాలి, వేలు చూడకుండానే చోటు పట్టుకుంటుంది. ప్లాస్టిక్ కంటే కొమ్ము నయం, చెమటకు జారదు, వేడి చేస్తే మెత్తబడి గొట్టం వంపుకు సరిగ్గా ఒదుగుతుంది. మా పర్లాకిమిడిలో కొమ్ము బొమ్మలు చేసేవాళ్ళు ఉన్నారు కాబట్టి నాకు తునకలు తేలిగ్గా దొరుకుతాయి, మీకు దొరక్కపోతే గట్టి కొయ్య చాలు. ఎత్తు ఒక మి.మీ. దాటించొద్దు, ఉంగరం ఎత్తు పెరిగినకొద్దీ స్వరం కాస్త దిగుతుంది. అందుకని ఉంగరం అంటించాకే ఆఖరి శ్రుతి చూసుకోవాలి.

కుర్రాడి ధైవతం ఇప్పుడు మంద్రంలో సరిగ్గా నిలబడుతోంది, పై స్థాయిలో కొంచెం పల్చగా ఉంది, ఊదేటప్పుడు సర్దుకుంటున్నాడు. వచ్చే పాఠం మీట గురించి. దానికి అర మి.మీ. మందం ఇత్తడి రేకు, మెత్తటి తోలు ముక్క, పాత తాళంలోని స్ప్రింగు తీగ సిద్ధం చేసుకోండి. వేలు కొన పూర్తిగా పోయినవాళ్ళు కాగితం ముద్రతో పాటు మిగిలిన వేలి పొడవు కూడా కొలిచి రాసిపెట్టుకోండి.