మెత్తటి పైపును పీవీసీ ఫిట్టింగుకు పేస్టుతో అతికించాలంటే

షాపుకెళ్లి ఫ్లెక్సిబుల్ పైపు కావాలంటే ఏదో ఒకటి కొలిచి కోసి ఇస్తారు, దాంతోపాటు చిన్న డబ్బా పేస్టు కూడా చేతిలో పెడతారు. ఇంటికొచ్చి శ్రద్ధగా రాసి అతికిస్తే మోటారు వేయగానే ఊడి చేతికొస్తుంది. పాపం, పేస్టు తప్పేం లేదు. మనం పేస్టు అనే సాల్వెంట్ సిమెంటు అసలు జిగురే కాదు. అది పీవీసీ పైపొరను కాసేపు మెత్తబరుస్తుంది, అలా మెత్తబడిన రెండు పొరలు కలిసిపోయి, ద్రావకం ఎగిరిపోయాక ఒకే ముక్కలా గట్టిపడతాయి. కాబట్టి రెండూ పీవీసీ అయి ఉండాలి, రెండూ బిగుతుగా తాకుతూ ఉండాలి. ఇందులో ఏది లేకపోయినా డబ్బా మొత్తం పోసినా దండగే.

ముందు మీ పైపు దేనితో చేసిందో చూడండి. గోరంత ముక్క కోసి గ్లాసు నీళ్లలో వేయండి, బుడగలు అంటుకోకుండా వేలితో ఒకసారి ముంచి వదలండి. తేలిందంటే అది పాలిథిన్ జాతి. డ్రిప్పుకు వాడే నల్ల లాటరల్ పైపులు, బోర్లలో దించే నల్ల హెచ్‌డీపీఈ పైపులు అన్నీ ఇవే, వీటికి పేస్టు ఏ జన్మకీ అతకదు. మునిగితే పీవీసీ అయ్యే అవకాశం ఎక్కువ, కానీ రబ్బరు గొట్టాలు కూడా మునుగుతాయి. అనుమానముంటే పైపు మీద ఒక చుక్క పేస్టు రాసి నిమిషం ఆగి వేలితో నొక్కండి. పీవీసీ అయితే అక్కడ పైపే మెత్తబడి వేలిముద్ర పడుతుంది, కాకపోతే పేస్టు ఎండి పొరలా లేచి వస్తుంది.

తర్వాత సైజు. ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొక్కలకు నీళ్లు పెట్టే గార్డెన్ పైపు కూడా పీవీసీయే, కానీ దాని సైజు లోపలి రంధ్రాన్ని బట్టి చెబుతారు, బయటి కొలత కంపెనీకొక రకంగా ఉంటుంది. ఫిట్టింగులకు కావాల్సింది బయటి కొలత. ఇంటి ప్లంబింగులో వాడే తెల్ల యూపీవీసీలో అంగుళం పైపంటే బయట 33.4 మిల్లీమీటర్లు, ఒకటిన్నర అంటే 48.3, రెండంగుళాలంటే 60.3. పొలాల్లో వేసే పైపులు మిల్లీమీటర్ల లెక్కలో ఉంటాయి: 32, 50, 63. నోటి మాటగా 63ని కూడా రెండంగుళాల పైపే అంటారు కాబట్టి షాపులో ఆ ఒక్క మాట నమ్మి కొనకండి, ఫిట్టింగు చేత్తో పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూసుకోండి. వేడినీళ్ల లైన్లకు వాడే క్రీమ్ రంగు సీపీవీసీ కొలతలు ఇంకో లోకం, దాని జోలికే వెళ్లొద్దు. పేస్టుతో అతికించడానికనే తయారుచేసే మెత్తటి పీవీసీ పైపు వేరే ఉంటుంది, స్విమ్మింగ్ పూల్ సామాన్లు అమ్మేవాళ్ల దగ్గర అడగండి. దాని బయటి కొలత ఫిట్టింగులకు సరిపోయేలాగే ఉంటుంది. చేపల తొట్టెలకు, మోటారు అదురు లైనుకు పాకకుండా ఉండాల్సిన చోట్లకు బాగా పనికొస్తుంది.

పేస్టు కూడా చూసి కొనండి. మామూలు పేస్టు అతుకు ఎండాక పెళుసుగా ఉంటుంది, పైపు వంగిన ప్రతిసారీ దాని అంచున చీలిక మొదలవుతుంది. డబ్బా మీద ఫ్లెక్సిబుల్ పీవీసీకి అని రాసి ఉన్నదే తీసుకోండి. మూత తీసినప్పుడు జెల్లీలా సాగుతుంటే పారేయండి, థిన్నర్ కలిపి పలచన చేసే తెలివి ఇక్కడ పనిచేయదు.

ఇక పని. చుట్ట చుట్టి ఉన్న పైపు ఆ వంపు వదలదు, కాసేపు ఎండలో పడేసి, కొస దగ్గర ఒక కర్ర పెట్టి కట్టి నిటారుగా చేసుకోండి. వంపుతోనే దూర్చితే ఒకవైపు గట్టిగా ఒత్తుకుని, రెండోవైపు సందు మిగులుతుంది, కారేది ఆ సందులోంచే. కోత అడ్డంగా సూటిగా రావాలి, పైపు చుట్టూ కాగితం చుట్టి దాని అంచు వెంట రంపం నడిపితే సరిపోతుంది. కోశాక అంచున వేలాడే పీచు లోపలా బయటా బ్లేడుతో గీకేయండి, లేదంటే దూర్చేటప్పుడు అదే పేస్టును ముందుకు నెట్టేస్తుంది. పేస్టు లేకుండా ఒకసారి పెట్టి చూడండి. ఫిట్టింగులో పైపు దూరే గూడు, అంటే సాకెట్, దాని లోతులో సగం దాటాక బిగుసుకోవాలి. ఏ పట్టూ లేకుండా అడుగు దాకా జారిపోతే అది సరైన జోడీ కాదు. సాకెట్ లోతు ఎంతో కొలిచి పైపు మీద మార్కర్‌తో గీత పెట్టుకోండి.

పొడిగుడ్డతో తుడిచి, డబ్బా మీద ప్రైమర్ (పేస్టుకు ముందు రాసే ద్రవం) వాడమని ఉంటే వాడి, ముందు ఫిట్టింగు లోపల పలచగా, తర్వాత పైపు మీద కాస్త దట్టంగా గీత దాకా పేస్టు రాయండి. ఫిట్టింగులో ఎక్కువ రాస్తే అడుగున మడుగు కట్టి మెత్తటి పైపును లోపలి నుంచి తినేస్తుంది. ఆలస్యం చేయకుండా పావు వంతు తిప్పుతూ గీత దాకా నెట్టి, అర నిమిషం పైనే గట్టిగా పట్టుకోండి, వదిలేస్తే మెల్లగా వెనక్కి జారుతుంది. అంచు చుట్టూ సన్నటి పేస్టు పూస తెగకుండా కనబడితే సరిగ్గా పడినట్టే, ఎక్కువున్నది తుడిచేయండి. మే నెల ఎండలో మిట్టమధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, దూర్చేలోపే పేస్టు ఆరిపోతుంది. సంపులోకి దిగి మాత్రం చేయొద్దు, ఆ ఆవిరి అక్కడే నిలిచిపోతుంది, నిప్పు తగిలితే భగ్గుమనే రకం కూడా. అతుకు బయట వేసుకుని లోపల పెట్టుకోండి. పక్కన బీడీ కాల్చేవాళ్లను కూడా దూరంగా పంపండి.

డబ్బా మీద తక్కువ సమయం రాసి ఉన్నా ఒక రోజంతా కదపకుండా వదిలేసి అప్పుడే మోటారు వేయండి. ఫిట్టింగు నుంచి బయటికొచ్చిన జానెడు పైపు నిటారుగా ఉండేలా గోడకు క్లాంపు వేయండి, వంపు ఆ తర్వాతే మొదలవ్వాలి.

మోటారు లాగే వైపు అతుకైతే ఇంకో చిక్కుంది. అక్కడ లీకు బయటికి కారదు, గాలిని లోపలికి పీలుస్తుంది. పైపు పొడిగానే కనిపిస్తుంది కానీ మోటారు నీళ్లు అందుకోదు. అందుకే మోటారు వేయకముందే ఆ పైపు నిండా నీళ్లు పోసి కాసేపు చూడండి, ఎక్కడ చెమ్మ తేలితే అక్కడే గాలి వెళ్తోంది.

గార్డెన్ పైపు, మోటారు నీళ్లు లాగే వైపు వేసే మెలికల సక్షన్ పైపు ఉన్నవాళ్లు పేస్టు డబ్బా పక్కన పెట్టేయండి. సక్షన్ పైపు బయట మెట్లు మెట్లుగా ఉంటుంది కాబట్టి సాకెట్‌లో దూరినా ఆ మెట్ల వెంట నీళ్లు చుట్టూ తిరిగి వచ్చేస్తాయి. వాటికి ఒక కొస పైపులోకి దూరే చిన్న గొట్టం, అంటే ఫిట్టింగు వైపు మరలున్న హోస్ నిపిల్, టెఫ్లాన్ టేపు చుట్టి బిగించి, పైపు కొసను వేడి నీళ్లలో ముంచి మెత్తబడ్డాక నిపిల్ మీదికి పూర్తిగా ఎక్కించి స్టీలు క్లిప్పు వేయండి. మంట మీద కాల్చొద్దు, ఒకవైపు పలచనైపోయి తర్వాత అక్కడే పగులుతుంది.

అతికించిన చోట కారితే పైనుంచి పేస్టు పూసి లాభం లేదు, నీళ్ల ఒత్తిడి దాన్ని లేపేస్తుంది. అతుకు కోసేసి కొత్త ఫిట్టింగు వేయాల్సిందే, కాబట్టి పైపు కొనేటప్పుడే మూరెడు ఎక్కువ కోయించుకోండి.