పేజీ లేని రౌటర్

పర్లాకిమిడిలో మా బాబాయి కొట్టులోని పాత రౌటర్‌కి ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ (రౌటర్లకి వాడే ఉచిత సాఫ్ట్‌వేర్) స్నాప్‌షాట్, అంటే ఇంకా పరీక్షలో ఉన్న తాజా వెర్షన్, ఎక్కించాం. పింగ్ వెళ్తోంది, ఎస్‌ఎస్‌హెచ్ (కమాండ్లు కొట్టే లాగిన్) తెరుచుకుంటోంది, బ్రౌజర్‌లో మాత్రం పేజీ రాదు. బాబాయికి టెన్షన్. రౌటర్ పాడవలేదు, స్నాప్‌షాట్‌లో లూసీ ప్యానెల్ (బ్రౌజర్‌లో వచ్చే సెట్టింగ్స్ పేజీ) ఉండదు, మనమే వేసుకోవాలి.

వేద్దామంటే డౌన్‌లోడ్ కాదు. అసలు తిరకాసు ఇక్కడే: ఇంటర్నెట్ మోడెమ్‌దీ, రౌటర్‌దీ ఒకే చిరునామా, 192.168.1.1. అందుకే రౌటర్ బయటి నెట్‌ని అందుకోలేకపోయింది. యూసీఐ (సెట్టింగ్స్ మార్చే) కమాండ్‌తో రౌటర్ ల్యాన్ (లోపలి నెట్‌వర్క్) చిరునామాను 192.168.2.1 చేసి, సేవ్ అయ్యేలా కమిట్ కొట్టి, నెట్‌వర్క్ రీస్టార్ట్ చేశాను. ల్యాప్‌టాప్ కేబుల్ పీకి మళ్లీ పెట్టి, కొత్త చిరునామాతో లాగిన్ అయ్యాను. ప్యాకేజీలు వేసే ఏపీకే కమాండ్‌తో జాబితా అప్‌డేట్ చేసి లూసీ వేశాను. పాత పాఠాల్లో దీని బదులు ఓపీకేజీ అని ఉంటుంది, ఇప్పుడది కొడితే అలాంటి కమాండే లేదంటుంది. పేజీని చూపే వెబ్ సర్వర్ యూహెచ్‌టీటీపీడీని ఎనేబుల్ చేసి స్టార్ట్ చేయగానే పేజీ వచ్చింది. పేజీ రాగానే ముందు రూట్‌కి (అడ్మిన్ ఖాతాకి) పాస్‌వర్డ్ పెట్టాను. మొదట్లో అది ఖాళీగా ఉంటుంది.