ఇంటి లెక్కలు, మూడో పాఠం: మీ ఆఖరి యూనిట్ ఖరీదెంత?

మొదటి పాఠంలో ఖర్చుల నోట్‌బుక్ పెట్టాం. రెండో పాఠంలో రోజూ ఒకే టైముకి కరెంటు మీటరు రీడింగు రాయడం మొదలుపెట్టాం. కనీసం వారం రీడింగులు రాసి ఉంటేనే ఈ పాఠం పనికొస్తుంది. రాయనివాళ్లు ముందు వెళ్లి ఈరోజు అంకె రాసుకుని రండి.

పోయినేడు మే నెలలో మాకు 310 యూనిట్లు వచ్చాయి. మేముండేది విజయవాడ సత్యనారాయణపురంలో, డాబాలో పై వాటా. రోహిణి కార్తెలో రాత్రి పదింటికి గోడ మీద చెయ్యి పెట్టినా వేడిగా తగులుతుంది, ఇక ఫ్యాను ఆపే మాటే లేదు. ఆ బిల్లు చూసి మా అత్తయ్య "రేపట్నుంచి హాల్లో లైటు వెయ్యకండమ్మా" అన్నారు. ఆవిడే రోజూ చీకట్లో గోడ పట్టుకుని బాత్రూముకి వెళ్లేవారు. నాకు ప్రాణం ఉసూరుమంది. కూర్చుని లెక్క వేశాను. అది 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు, రోజుకి ఐదు గంటలు వెలిగినా నెలకి ఒకటిన్నర యూనిట్ కూడా కాదు, అంటే పన్నెండు రూపాయల కోసం పెద్దావిడ పడిపోయే ప్రమాదం తెచ్చుకున్నాం. ఎక్కడ తగ్గించాలో తెలియకపోతే ఇదే జరుగుతుంది, అందుకే ఈ పాఠం రాస్తున్నాను.

ఇప్పుడు బిల్లు తియ్యండి. ఆంధ్రప్రదేశ్‌లో 2022లో వచ్చిన టారిఫ్ (కరెంటు రేట్ల పట్టిక) ప్రకారం ఇంటి కనెక్షన్‌కి మొదటి 30 యూనిట్లకి యూనిట్ 1.90 రూపాయలు, 31 నుంచి 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, 400 వరకు 8.75, ఆ పైన 9.75. మీ బిల్లు మీద రేట్లతో ఒకసారి సరిచూసుకోండి. స్లాబ్ (ఒకే రేటు ఉండే యూనిట్ల మెట్టు) దాటితే మొత్తం యూనిట్లకీ పై రేటు పడిపోతుందని చాలామంది భయపడతారు. అంతకుముందు వాడకాన్ని బట్టి ఇళ్లని మూడు గ్రూపులుగా విడదీసేవారు, పై గ్రూపులోకి వెళితే కింది యూనిట్ల రేటు కూడా మారేది, ఆ భయం అప్పటిది. 2022లో ఆ గ్రూపులు తీసేశారు. ఇప్పుడు దాటిన యూనిట్లకే పై రేటు.

మా 310 యూనిట్లని విడదీసి చూడండి. మొదటి 125 యూనిట్లకి 417 రూపాయలు. తర్వాత 100 యూనిట్లకి 600. మిగిలిన 85 యూనిట్లకి 743.75. అంటే చివరి 85 యూనిట్లు మొదటి 125 కంటే బాగా ఎక్కువ లాగేశాయి! మీరు ఏది తగ్గించినా ముందు పోయేది ఈ పైనున్న ఖరీదైన యూనిట్లే. కాబట్టి మీ ఆఖరి యూనిట్ ఏ రేటులో ఉందో నోట్‌బుక్‌లో పెద్ద అక్షరాలతో రాసుకోండి. మాకు మే నెలలో అది 8.75, డిసెంబరులో 4.50. ఒకే ఫ్యాను, నెలని బట్టి దాని గంట ఖరీదు మారిపోతుంది.

తర్వాత ఏ వస్తువు ఎంత లాగుతుందో కొలవాలి. ఇది పిల్లలతో చేయించండి, సరదాగా చేస్తారు. మీటరు మీద చిన్న ఎర్ర లైటు మెరుస్తుంటుంది, పక్కన 3200 అనో 1600 అనో రాసి ఉంటుంది, యూనిట్‌కి అన్నిసార్లు మెరుస్తుందని దాని అర్థం. ఫ్రిజ్‌తో సహా అన్నీ కాసేపు ఆపి ఒక్క ఫ్యాను వెయ్యండి, ఐదు నిమిషాలు లెక్కపెట్టండి. 3200 మీటరు మీద మామూలు 75 వాట్ల ఫ్యానుకి 20 సార్లు మెరిసింది. తక్కువ కరెంటుతో తిరిగే 30 వాట్ల బీఎల్‌డీసీ రకం ఫ్యానుకి ఎనిమిదే. రోజుకి 14 గంటలు తిరిగే ఫ్యాను మారిస్తే నెలకి 19 యూనిట్లు తగ్గుతాయి, మే రేటులో 165 రూపాయలు. రోజుకి గంట తిరిగే గది ఫ్యాను మాత్రం మార్చకండి, డబ్బు దండగ.

మేం హాల్లో ఒకటి, పడకగదిలో ఒకటి మార్చాం. ఏసీ 24 నుంచి 27కి పెంచి ఫ్యాను కూడా వేశాం. ఒక్కో డిగ్రీకి సుమారు ఆరు శాతం ఆదా అని ఇంధన సామర్థ్య బ్యూరో చెబుతుంది. మొదటి రెండు రాత్రులు పిల్లలు గొడవ చేశారు, మూడో రాత్రి నుంచి పడుకున్నారు. ఈ మే నెలలో 241 యూనిట్లు వచ్చాయి. 69 యూనిట్లు తగ్గితే 603.75 మిగిలింది. హాల్లో లైటు రాత్రంతా వెలుగుతూనే ఉంది.

ఒక హెచ్చరిక. మొదటి నెల బిల్లు మొత్తం చూసి నిరాశపడకండి. బిల్లులో ఇంధన సర్దుబాటు ఛార్జీ, ట్రూఅప్ (కరెంటు కంపెనీకి వెనక పడ్డ అదనపు ఖర్చు తర్వాత వసూలు చెయ్యడం) లాంటి పద్దులు వెనకటి వాడకం మీద వేసేవి, మీరు ఈ నెల ఎంత పొదుపు చేసినా అవి వెంటనే తగ్గవు. అందుకే మీ కష్టాన్ని రూపాయల్లో కాకుండా యూనిట్లలో కొలవండి.

ఇక బడ్జెట్ సంగతి. వేసవి బిల్లు ఏటా వస్తుందని తెలిసీ మనం ఏటా టెన్షన్ పడతాం. గత 12 నెలల బిల్లులు కూడి పన్నెండుతో భాగించండి, వచ్చిన మొత్తాన్ని ప్రతినెలా జీతం రాగానే పక్కన పెట్టండి. చలికాలంలో మిగిలింది స్కూల్ ఫీజుకో పండక్కో తీయకుండా అలాగే ఉంచితే ఏప్రిల్, మే, జూన్ బిల్లులు అదే కడుతుంది. మా అమ్మ పోపుల డబ్బాలో దాచేది, నేను వేరే ఖాతాలో వేస్తున్నాను. పాత బిల్లులు పోయాయంటే మీ డిస్కం (కరెంటు పంపిణీ కంపెనీ) యాప్‌లో సర్వీసు నంబరు కొట్టి చూడండి.

ఈ వారం పని: మీ ఆఖరి యూనిట్ రేటు రాయండి, ఇంట్లో ఎక్కువ గంటలు తిరిగే మూడు వస్తువులని ఎర్ర లైటుతో కొలవండి, 12 నెలల సగటు తీయండి. నాలుగో పాఠంలో గ్యాస్ బండ లెక్క చూద్దాం, దానికి మీ చివరి మూడు సిలిండర్లు మార్చిన తేదీలు వెతికి పెట్టుకోండి.